మాచికాయ సిరాతో బ్రౌన్ సోదరుల ఉత్తరాలు: నా ప్రాజెక్టు డైరీ

జూన్ 6

ఇవాళ పని మొదలుపెట్టాను. మరిచిపోకుండా మొత్తం సంగతి ముందుగా రాసుకుంటున్నా.

అమెరికాలో రోడ్ ఐలాండ్ అనే చిన్న రాష్ట్రం ఉంది. అందులో ప్రావిడెన్స్ అనే రేవు పట్నం. అక్కడ బ్రౌన్ ఇంటిపేరుతో ఒక షావుకార్ల కుటుంబం ఉండేది. నలుగురు అన్నదమ్ములు: నికొలస్ (1729), జోసెఫ్ (1733), జాన్ (1736), మోజెస్ (1738). తండ్రి జేమ్స్ 1739లో పోయాడు, అప్పటికి మోజెస్ ఏడాది పసివాడు. పిల్లల్ని వ్యాపారంలోకి తెచ్చింది చిన్నాన్న ఒబదయా. ఆయన కూడా 1762లో పోయాక నలుగురూ కలిసి ‘నికొలస్ బ్రౌన్ అండ్ కంపెనీ’ పెట్టుకున్నారు. రమ్ము, తిమింగలం తల నుంచి తీసే స్పెర్మసెటీ మైనంతో కొవ్వొత్తులు, తర్వాత ఇనుప కొలిమి. ఓడలు సరేసరి.

మోజెస్ 1764లో పెళ్ళి చేసుకున్నది ఆ చిన్నాన్న కూతురు అన్నానే. మన వరసల్లో అయితే చెల్లెలవుతుంది. తమ్ముడు ఫోన్‌లో ఇది చెప్పినప్పుడు అమ్మ పక్కనే ఉండి “అదేం పెళ్ళిరా” అంది. వాళ్ళకు ఆ పట్టింపు లేదు.

ఈ అన్నదమ్ములు ఉత్తరాలు రాసుకున్నారు. వాటిని దాచుకున్నారు కూడా. వర్తకుల కాగితాలు కావడం వల్ల మిగిలాయి, బాకీలకు రుజువు అవసరం కదా. సముద్రం మీద ఓడ మునిగిపోతుందేమోనని ఒకే ఉత్తరానికి రెండు మూడు ప్రతులు తీసి వేర్వేరు ఓడల్లో పంపేవాళ్ళు. ఒక ప్రతి ఇంట్లో ఉండేది. తమ్ముడు మసాచుసెట్స్‌లో ఉంటాడు, ప్రావిడెన్స్ వాళ్ళకు గంట ప్రయాణం. పోయిన ఏడాది నేను వాడి దగ్గరికి వెళ్ళినప్పుడు పవర్ స్ట్రీట్‌లో జాన్ కట్టించిన ఎర్ర ఇటుకల మేడ చూశాం. 1788లో పూర్తయింది. నమూనా గీసింది ఇంకో అన్న జోసెఫ్. ఆ మేడ చూసి వచ్చిన రోజు నుంచీ ఈ ఆలోచన నన్ను వదల్లేదు.

చేయదలచుకున్నది ఇదీ: ఎనిమిది కాగితాలు ఎంచుకుని తెలుగులోకి తేవాలి. అప్పటి పద్ధతిలో, అప్పటి లాంటి సిరాతో, చేతి కాగితం మీద రాసి, అప్పటిలాగే మడిచి, ఒక చెక్క పెట్టెలో పెట్టి మా ఊరి గ్రంథాలయానికి ఇవ్వాలి. పిల్లలు విప్పి చదవాలి. అద్దాల బీరువాలో పెట్టేది కాదు.

జూన్ 9

సిరా సామాన్లు. నాలుగు రోజులుగా దీని మీద చదివి, ఇవాళ మూలికల కొట్టుకు వెళ్ళాను. ఐరోపాలో, అమెరికాలో వందల ఏళ్ళు వాడిన సిరా ఓక్ చెట్టు మీద పురుగు గుడ్లు పెట్టిన చోట పుట్టే బుడిపెలతో చేస్తారు. ఆ బుడిపెల్నే మనం మాచికాయ అంటాం. మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్నదే, పసిపిల్లలకు అరగదీసి నాకించేవాళ్ళు. కొట్టాయన అడగనే అడిగాడు, “పసిబిడ్డకా అండీ?” అని. సిరాకి అని చెప్తే ఒక్క క్షణం చూసి, “అయితే అన్నభేది కూడా కావాలి మీకు” అన్నాడు. అన్నభేది అంటే ఒక ఇనుప లవణం. నేను అడగకముందే! వాళ్ళ తాతగారు కూడా ఆ రెండూ కలిపి రాత సిరా చేసేవారట. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. మూడోది తుమ్మ బంక. మూడు పొట్లాలూ ఒకే కొట్టులో దొరికాయి.

కొలతలు: మాచికాయలు 60 గ్రాములు, అన్నభేది 40, తుమ్మ బంక 25, నీళ్ళు సుమారు 600 మిల్లీలీటర్లు. పాత పద్ధతుల్లో వాన నీళ్ళు అని ఉంటుంది. బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. నిన్న రాత్రి పడిన వానకు డాబా మీద స్టీలు గిన్నె పెట్టాను, సరిపోయాయి.

మాచికాయలు రాయిలా ఉన్నాయి. మిక్సీలో వేస్తే బ్లేడు పోతుందని అమ్మ ఒప్పుకోలేదు. రోట్లో పచ్చడి బండతో దంచాను. నీళ్ళలో నానబెట్టి గుడ్డ కట్టాను. వారం ఆగాలి.

జూన్ 17

వడకట్టాను. కషాయం లేత గోధుమ రంగులో, పుల్లటి వాసనతో ఉంది. అన్నభేది వేయగానే గిన్నెలోనే ఊదా నలుపుకు తిరిగింది. బంక కరిగించి కలిపాను.

రాసి చూస్తే నిరాశ. పలచని బూడిద రంగు. తప్పు చేశాననుకుని పక్కన పడేసి భోజనానికి వెళ్ళాను. వచ్చేసరికి అక్షరాలు నల్లబడుతున్నాయి. తర్వాత అర్థమైంది, దాని తీరే అంత: మాచికాయలోని వగరు పదార్థం అన్నభేదిలోని ఇనుముతో కలిసినప్పుడు రంగు తక్కువే ఉంటుంది, కాగితం పీచులోకి దిగాక గాలి తగిలి అక్కడే నల్లగా మారుతుంది. అందుకే ఎంత తడిపినా పోదు. గీకినా మచ్చ ఉంటుంది. ఈ సిరాలో పులుపు ఉండిపోతుంది, అది కాలం గడిచేకొద్దీ కాగితాన్ని తినేస్తుంది. తమ్ముడు పంపిన పాత ఉత్తరాల స్కాన్లలో అక్షరాల చుట్టూ గోధుమ రంగు మచ్చలు కనిపించేది అందువల్లే.

ఈకల సంగతి: పెద్దబాతు ఈకలు కావాలి. మామూలు బాతువి మరీ సన్నం. కొల్లేరు వైపు నుంచి ఒక స్నేహితుడు ఇరవై పంపాడు. వేడి ఇసుకలో గుచ్చి ఉంచితే కాడ గట్టిపడుతుంది. మొదటి ఆరు మాడిపోయాయి. ఏడోది కుదిరింది. పదునైన చాకుతో ఏటవాలుగా కోసి, మధ్యలో చీలిక పెట్టాలి. ఆ చీలిక నిటారుగా రాకపోతే సిరా చిమ్ముతుంది. తెలుగు అక్షరాలకు గుండ్రాలు ఎక్కువ కాబట్టి మొన కాస్త మొద్దుగా కోసుకున్నాను. ఇంగ్లీషు రాతకు కోసినట్టు కోస్తే ‘ఱ’, ‘ఖ’ దగ్గర కాగితం గీరుకుపోతోంది.

జూన్ 21

మొదటి కాగితం: 1764 సెప్టెంబరులో కంపెనీ వాళ్ళు కెప్టెన్ ఈసెక్ హాప్కిన్స్‌కు ఇచ్చిన ఆదేశాల ఉత్తరం. ఓడ పేరు శాలీ, సుమారు వంద టన్నుల బ్రిగంటీన్, అంటే రెండు కొయ్యల తెరచాప ఓడ. ఆఫ్రికా పడమటి తీరానికి పోవాలి, రమ్ము అమ్మి మనుషుల్ని కొనాలి, కరీబియన్ దీవుల్లో వాళ్ళను అమ్మి డబ్బుతో రావాలి. ఇంటి అవసరాలకు నలుగురు పడుచు బానిసల్ని, పదిహేనేళ్ళ వయసువాళ్ళను, ప్రావిడెన్స్‌కు తెమ్మని కూడా అందులోనే ఉంది.

ఓడలో ఎక్కించిన సరుకుల పట్టీ చదివాను. రమ్ము 17,274 గ్యాలన్లు. స్పెర్మసెటీ కొవ్వొత్తులు 30 పెట్టెలు. ఉల్లి 1,800 కట్టలు. చేతులకు సంకెళ్ళు 40, కాళ్ళకు సంకెళ్ళు 40. ఉల్లిపాయల లెక్క, సంకెళ్ళ లెక్క ఒకే చేతిరాతలో, ఒకే పట్టీలో.

నేను అనుకున్న పెట్టె అన్నదమ్ముల ప్రేమ, పోట్లాట, మళ్ళీ కలుసుకోవడం. ఈ పట్టీ దగ్గర ఆగిపోయాను. సాయంత్రం వరకూ ఈక పట్టుకోలేదు.

జూన్ 28

వారమంతా ఒక్క ఉత్తరం మీదే కూర్చున్నా. 1765 నవంబరులో కంపెనీ హాప్కిన్స్‌కు రాసినది. అప్పటికి శాలీ ఆఫ్రికా తీరంలో తొమ్మిది నెలలకు పైగా తిరిగి, 196 మందిని కొని, అట్లాంటిక్ దాటి కరీబియన్‌లోని ఆంటిగ్వా దీవి చేరింది. అక్కడి నుంచి హాప్కిన్స్ రాసిన కబురు ప్రావిడెన్స్‌కు అందింది. కంపెనీ జవాబు సారం ఇది: మీ మనుషుల్లో ముగ్గురు, బానిసల్లో 88 మంది పోయారన్న వార్త మాకు ఎంత కష్టంగా ఉందో చెప్పక్కర్లేదు. అయినా మీరు ఆరోగ్యంగా ఉన్నారన్న సంగతి మాకు ఎంత తృప్తి ఇచ్చిందంటే, మా సొమ్ముకు ఇంత పెద్ద నష్టం వచ్చినా మేం...

ఇక్కడ ఇంగ్లీషులో ‘చీర్‌ఫుల్’ అని ఉంది. చీర్‌ఫుల్‌గానే ఉన్నాం అంటున్నారు.

మొదటి చిత్తులో “నిబ్బరంగా ఉన్నాం” అని రాశాను. చదవడానికి బాగుంది, పెద్దమనుషుల మాటలా ఉంది. రెండు రోజులు అలాగే వదిలేశాను. కానీ మనసు ఒప్పుకోలేదు. నిబ్బరం అంటే దుఃఖాన్ని లోపల పెట్టుకుని నిలబడడం. వాళ్ళు రాసింది అది కాదు. వాళ్ళు నష్టం అన్నది సరుకు నష్టాన్ని. 88 మంది చావుని అనలేదు. “నిబ్బరం” అని రాస్తే ఆ షావుకార్లకు లేని గుణం నేను దానం చేసినట్టవుతుంది. కొట్టేసి “సంతోషంగానే ఉన్నాం” అని రాశాను. అది చదివితే కడుపులో తిప్పుతుంది. తిప్పాలి కూడా.

ఈ కంపెనీలో మోజెస్ కూడా భాగస్వామే. రేపు బానిసల పక్షాన నిలబడబోయే మోజెస్. ఈ కాగితం లేకుండా ఆయన ఉత్తరాలు మాత్రమే పెట్టెలో పెడితే ఆయనకూ అన్యాయమే అవుతుంది, ఎందుకంటే ఆయన దీన్ని మరిచిపోలేదు.

జూలై 3

వాన. కాగితం చెమ్మెక్కి సిరా పాకుతోంది. పని లేదు.

జూలై 8

తమ్ముడితో గంటన్నర వీడియో కాల్. మాట మాట పెరిగింది.

శాలీ ఖాతా పుస్తకం కూడా పెట్టెలో ఉండాలని నేను. వాడు ఒప్పుకోలేదు. “అన్నయ్యా, ఇది అన్నదమ్ముల ఉత్తరాల పెట్టె కదా. చిట్టా పుస్తకం ఉత్తరం ఎలా అవుతుంది? పిల్లలు చదివేది. చావుల పట్టీ పెడితే మొదటి కాగితానికే మూసేస్తారు.”

వాడి మాటలో నిజం లేకపోలేదు. కానీ నేను వాడికి ఆ చిట్టా పేజీలు చదివి వినిపించాను. హాప్కిన్స్ రోజువారీ లెక్క రాశాడు. ఈ రోజు ఇంత రమ్ము ఇచ్చి ఒక అబ్బాయిని కొన్నాను. ఈ రోజు ఒక స్త్రీ. ఓడ ఇంకా తీరంలో ఉండగానే జూన్ నెలలో ఒక స్త్రీ డెక్కుల మధ్య ఉరి వేసుకుంది, ఆ వాక్యం కూడా ఆ లెక్కల్లోనే ఉంది. 1765 ఆగస్టు 28న, సముద్రం మీద వారం గడిచాక, బానిసలు తిరగబడ్డారు. సిబ్బంది కాల్చారు. ఎనిమిది మంది చచ్చిపోయారు, ఇంకొందరు బాగా గాయపడ్డారు, ఒకరికి తొడ, ఒకరికి పక్కటెముకలు విరిగాయి. ఆ తర్వాత ఇంకొందరు సముద్రంలో దూకారు, కొందరు తిండి మానేశారు. జబ్బులు. ప్రతి చావుకూ వరస నంబరు, తేదీ, పక్కన ‘అబ్బాయి’, ‘స్త్రీ’, ‘మగవాడు’, ‘అమ్మాయి’. పేరు ఒక్కటీ లేదు. 196 మందిలో చనిపోయినవాళ్ళు కనీసం 109 మంది.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “మరి ఎక్కడ పెడతావు?” అన్నాడు.

“మొట్టమొదట” అన్నాను.

“పెట్టు అన్నయ్యా” అన్నాడు. కాల్ అయిపోయాక పది నిమిషాలకు మెసేజ్: రేపు సెలవు పెట్టి వెళ్ళి ఆ పేజీలు ఇంకా స్పష్టంగా ఉన్న ప్రతి ఏమైనా దొరుకుతుందేమో చూస్తానని.

జూలై 15

మూడో కాగితం, 1773 నవంబరు. ఉత్తరం కాదు, దస్తావేజు. ఆ ఏడాది ఫిబ్రవరిలో మోజెస్ భార్య అన్నా చనిపోయింది. ముప్ఫయ్యేళ్ళు కూడా నిండలేదు. తొమ్మిది నెలల తర్వాత మోజెస్ తన బానిసలను విడుదల చేస్తూ దస్తావేజు రాశాడు. మనిషి ఏ రంగువాడైనా బానిసగా కొనడం, అమ్మడం దైవసంకల్పానికి విరుద్ధమని తనకు స్పష్టంగా తెలిసిందని మొదలవుతుంది. వాళ్ళ పేర్లు, వయసులు ఉన్నాయి. బానో, సీజర్... చిట్టాలో కనపడనివి ఇక్కడ కనపడ్డాయి: పేర్లు. ఒక్కొక్కటీ తెలుగులో రాస్తూ పైకి చదివాను.

1774లో మోజెస్ క్వేకర్లు అనే క్రైస్తవ శాఖలో చేరాడు. అక్కడే నాకు అనువాదంలో పెద్ద చిక్కు వచ్చింది. అప్పటి క్వేకర్లు మర్యాద వాచకాలు ఒప్పుకునేవాళ్ళు కాదు. దేవుడి ముందు అందరూ సమానమైనప్పుడు ఒకరికి టోపీ తీయడం, ఒకరిని బహువచనంలో పిలవడం తప్పని వాళ్ళ నమ్మకం. ఇంగ్లీషులో అందరూ ‘యూ’ అంటుంటే వాళ్ళు ‘దీ’, ‘దౌ’ అనేవాళ్ళు. నెలల పేర్లు కూడా వాడేవాళ్ళు కాదు, అవి రోమన్ దేవతల పేర్లని. ‘8వ నెల’ అని రాసేవాళ్ళు.

మనకు ‘నువ్వు’, ‘మీరు’ ఉన్నాయి కాబట్టి తేలిక అనుకున్నా. కాదు. తమ్ముడు అన్నను ‘నువ్వు’ అనడం మా ఇంట్లో మామూలే, మా తమ్ముడూ నన్ను అంతే అంటాడు. అందులో దగ్గరితనమే తప్ప సమానత్వపు పట్టుదల వినపడదు. కానీ అదే మోజెస్ పరాయి షావుకారుకు రాసేటప్పుడు ‘నువ్వు’ అంటే తెలుగు చెవికి తల బిరుసుగా ఉంటుంది. నిజానికి తొలి రోజుల్లో క్వేకర్లు సరిగ్గా ఇందుకే తిట్లు తిన్నారు, కొందరు జైలుకు కూడా వెళ్ళారు. కాబట్టి ఆ బిరుసు ఉండనివ్వాలి. నిర్ణయం: 1774కి ముందు మోజెస్ పరాయివాళ్ళను ‘మీరు’ అంటాడు, అన్నలను ‘నువ్వు’ అంటాడు. తర్వాత అందరినీ ‘నువ్వే’. తేదీలు ‘8వ నెల’ పద్ధతిలో. జాన్ మాత్రం చివరిదాకా పరాయివాళ్ళకు ‘మీరు’, తమ్ముడికి ‘నువ్వు’.

జూలై 19

1775 ఏప్రిల్ చివర. బ్రిటిషు పాలన మీద అమెరికన్ల స్వాతంత్ర్య యుద్ధం లెక్సింగ్టన్‌లో మొదలై వారం. బ్రిటిషువాళ్ళు న్యూపోర్టు దగ్గర జాన్‌ను పట్టుకుని, పిండి బస్తాలతో సహా బోస్టన్ తీసుకుపోయారు. జాన్ అంటే వాళ్ళకు కోపం ఊరికే రాలేదు. 1772 జూన్‌లో గ్యాస్పీ అనే రాజనౌక నీళ్ళు తక్కువైన చోట చిక్కుకుంటే, రాత్రికి రాత్రి పడవలు కూడగట్టి తగలబెట్టించినవాడు జాన్.

మోజెస్ ఒక్కడే గుర్రం మీద బోస్టన్ బయలుదేరాడు. క్వేకరు, ఆయుధం ముట్టనివాడు. ముట్టడిలో ఉన్న పట్నంలోకి, తిరుగుబాటుదారుల కాపలా దాటి, బ్రిటిషు కాపలా దాటి వెళ్ళి, సేనాపతిని, నౌకాదళ అధికారిని కలిసి, శాంతి వైపు మాట్లాడతానని జాన్ చేత మాట ఇప్పించి, అన్నను వెంటబెట్టుకుని వచ్చాడు.

దీనికి విడిగా కాగితం పెట్టలేదు. పెట్టెలో ఒక చిన్న చీటీ రాసి ఉంచాను. ఈ ప్రయాణం తెలియకపోతే తర్వాతి ఉత్తరాల బరువు తెలియదు.

జూలై 27

రెండు ఉత్తరాలు ఒకే వారంలో పూర్తయ్యాయి. చేయి కుదిరింది. ఇప్పుడు రోజుకు ఒక పేజీ మచ్చ లేకుండా వస్తోంది.

1783 ఆగస్టు. ప్రావిడెన్స్‌లో క్లార్క్ అండ్ నైటింగేల్ అనే వర్తకులు ఆఫ్రికాకు బానిసల ఓడ పంపబోతున్నారని విని మోజెస్ వాళ్ళకు రాశాడు. బతిమాలాడు. మీకు నేను నీతి చెప్పడానికి రాయడం లేదు, నేను చేసింది చెప్పడానికి రాస్తున్నా అన్నట్టు ఉంటుంది ఆ ఉత్తరం. 1764 నాటి మా కంపెనీ ప్రయాణం నా జీవితంలో చేసిన పనులన్నిటిలోనూ నా మనసు మీద అతి పెద్ద మచ్చ వేసింది అంటాడు. దాదాపు పంతొమ్మిదేళ్ళ తర్వాత! శాలీ చిట్టా ముందు పెట్టాలన్న నా నిర్ణయం సరైనదేనని ఆ వాక్యం రాసేటప్పుడు నమ్మకం కుదిరింది. తమ్ముడికి ఫొటో తీసి పంపాను.

1786 నవంబరు. ఇది జాన్ మోజెస్‌కు రాసినది. జాన్ శాలీ తర్వాత కూడా ఆ వ్యాపారం మానలేదు. మిగతా ముగ్గురూ బానిసల ఓడలు మళ్ళీ పంపలేదు. జాన్ పంపాడు. ఈ ఉత్తరం చదివితే నాకు మొదట కోపం వచ్చింది, తర్వాత ఆలోచన వచ్చింది. అనాదిగా సర్వేశ్వరుడే ఈ వ్యాపారాన్ని సాగనిచ్చాడు కదా అంటాడు. దేవుడి దృష్టిలో ఇది తప్పని నీలాగే నాకూ నమ్మకం కలిగిన రోజున వెంటనే మానేస్తానంటాడు. తమ్ముడిని తిట్టడు, వెటకారం చేయడు. ఎంతో గౌరవంగా, ప్రేమగా, తన తప్పును పక్కన పెట్టుకుని కదలకుండా కూర్చుంటాడు.

నేను ఈ ఉత్తరాన్ని మూడుసార్లు తిరగరాశాను. మొదటిసారి జాన్‌ను దుర్మార్గుడి గొంతుతో రాసేశాను, మాటలు కరకుగా. రెండోసారి అతిగా తియ్యగా అయింది. మూడోసారి మా పెదనాన్న ఆస్తుల గొడవల్లో మాట్లాడే పద్ధతి గుర్తుకొచ్చింది: “నువ్వు చెప్పిందీ నిజమే నాయనా, నాకు అనిపించిన రోజున చేద్దాం.” ఆ గొంతు పట్టుకున్నాక ఉత్తరం నడిచింది. ఆ ‘అనిపించిన రోజు’ ఎప్పుడూ రాదు.

మోజెస్ ఆగలేదు. 1784లో రోడ్ ఐలాండ్ చట్టం వచ్చింది: ఆ ఏడాది మార్చి 1 తర్వాత బానిస తల్లులకు పుట్టిన పిల్లలు స్వతంత్రులు. 1787లో ఆ రాష్ట్రంవాళ్ళు బానిసల వ్యాపారం చేయకూడదని ఇంకో చట్టం. రెండిటి వెనుకా మోజెస్, క్వేకర్ల కష్టం ఉంది. 1789లో ప్రావిడెన్స్‌లో బానిసల వ్యాపార నిర్మూలన సొసైటీ పెట్టారు. అన్నదమ్ములిద్దరూ ఆ ఏడాది పత్రికలోనే వాదించుకున్నారు, ఊరంతా చదివేలా.

ఆగస్టు 1

1789 డిసెంబరు, మోజెస్ శామ్యూల్ స్లేటర్‌కు రాసిన జవాబు. ఇంగ్లండు నుంచి కొత్తగా వచ్చిన యువకుడు, నూలు వడికే మిల్లు యంత్రాలు తెలిసినవాడు. ఈ పని చేయగలిగితే రోడ్ ఐలాండ్‌కు రమ్మని పిలుపు. పావ్‌టకెట్‌లో 1790లో యంత్రాలు తిరిగాయి. నా ‘నువ్వు’ సూత్రానికి ఇది పరీక్ష, ముక్కూ మొహం తెలియని మనిషికి మోజెస్ నువ్వు అనే రాశాడు. ఆ మిల్లులు పెరిగేకొద్దీ వాటికి కావలసిన పత్తి దక్షిణాది తోటల్లో బానిసలే పండించారు. ఈ మాట ఉత్తరం వెనుక చిన్నగా రాసి పెట్టాను. మోజెస్ మీద నాకు గౌరవం ఉంది కాబట్టే రాశాను.

మనవైపు ఒక చిన్న ముడి కూడా దొరికింది. జాన్ ఓడ ‘జనరల్ వాషింగ్టన్’ 1787 డిసెంబరులో ప్రావిడెన్స్ వదిలి మడీరా, మదరాసు తాకి చైనాలోని కాంటన్‌కు వెళ్ళింది. 1789లో తిరిగి వచ్చింది. అన్నదమ్ములు పత్రికలో పోట్లాడుకుంటున్న ఏడాదే. గ్రంథాలయంలో పెట్టే మ్యాపు మీద మదరాసు దగ్గర ఒక చుక్క పెట్టాను, పిల్లలకు ఆ దూరం కాస్త దగ్గరవుతుందని.

ఆగస్టు 5

చివరి ఉత్తరాల జత, 1797. ఇదే అన్నిటికన్నా కష్టంగా గడిచింది.

1794లో అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం చేసింది: ఇక్కడి రేవుల నుంచి పరదేశాలకు బానిసలను చేరవేసే ఓడలను సిద్ధం చేయకూడదు. మరుసటి ఏడాదే జాన్ ఓడ ‘హోప్’ ఆఫ్రికాకు వెళ్ళి, క్యూబాలోని హవానాలో 229 మందిని అమ్మింది. సొసైటీ కేసు వేసింది. సొసైటీలో ముందున్నవాడు మోజెస్. బోస్టన్ నుంచి అన్నను గుర్రం మీద వెంటబెట్టుకుని తెచ్చినవాడు ఇరవై రెండేళ్ళ తర్వాత అదే అన్నను కోర్టుకు లాగాడు. ఆ చట్టం కింద విచారణకు గురైన మొదటి అమెరికన్ జాన్.

ఈ వ్యాపారం మానేస్తానని రాసిస్తే కేసు వదిలేస్తామని కబురు వెళ్ళింది. జాన్ రాసివ్వలేదు. 1797లో కోర్టు ఓడను జప్తు చేసింది. తర్వాత జరిగిన ఇంకో విచారణలో జ్యూరీ జాన్‌ను నిర్దోషి అని వదిలింది, కోర్టు ఖర్చులు సొసైటీ మీద పడ్డాయి. జాన్ 1799లో కాంగ్రెస్ సభ్యుడై వెళ్ళాడు. 1800లో ఆ చట్టాన్ని ఇంకా బిగించే బిల్లు మీద ఓటింగు వస్తే 67 మంది అవునన్నారు, అయిదుగురు కాదన్నారు. ఆ అయిదుగురిలో జాన్ ఒకడు.

ఇంత జరుగుతున్నా ఉత్తరాలు ఆగలేదు. ఇదే నన్ను పట్టుకుంది. మేం అయితే ఈపాటికి శుభకార్యాలకు కూడా పిలుచుకోవడం మానేసేవాళ్ళం. నాకూ తమ్ముడికీ నాన్న పోయాక ఇంటి వాటా విషయంలో రెండేళ్ళు మాటల్లేవు. కారణం ఇప్పుడు ఇద్దరికీ సరిగ్గా గుర్తులేదు. మోజెస్ పట్టిన కారణం అలాంటిది కాదు, 229 మంది మనుషులు. అయినా పలకరింపు వదల్లేదు, కేసూ వదల్లేదు. ఒకటి నిలవడానికి రెండోది తగ్గించుకోలేదు.

ఇది తమ్ముడికి ఫోన్‌లో చెప్తే, “మనం రెండేళ్ళు ఊరికే పోగొట్టుకున్నాం కదా అన్నయ్యా” అన్నాడు. అవున్రా అన్నాను.

ఆగస్టు 8

మడతలు. అప్పట్లో కవర్లు లేవు. పెద్ద కాగితాన్ని సగానికి మడిస్తే నాలుగు పుటలు: మూడింటి మీద రాత, నాలుగోదాని మధ్యలో చిరునామా. తర్వాత అడ్డంగా మూడు మడతలు, నిలువుగా మూడు, ఒక కొస ఇంకో కొసలోకి దోపి లక్క ముద్ర. పిల్లలు విప్పేటప్పుడు చిరగకూడదని లక్క బదులు మైదా పిండితో అంటించి చూశాను, చీమలు పట్టాయి. లక్కే పెట్టాను, కానీ కాగితానికి ఒక వైపు మాత్రమే అంటేలా.

శాలీ చిట్టాకు మడత లేదు, ముద్ర లేదు. పెట్టె తెరవగానే విప్పి ఉన్న కాగితాలుగా కనపడాలి.

ఆగస్టు 10

చిట్టా నకలు పూర్తయింది. దీన్ని చివరికి వాయిదా వేస్తూ వచ్చాను. రెండు సాయంత్రాలు పట్టింది. తమ్ముడు వీడియోలో కూర్చుని స్కాను చూస్తూ వరస నంబరు, తేదీ, ‘అబ్బాయి’, ‘స్త్రీ’ అని చదువుతుంటే నేను రాశాను. వాడికి అక్కడ పొద్దుటి పూట. మొదట్లో మధ్యమధ్య మాట్లాడుకున్నాం. నలభై దాటాక నంబర్లు తప్ప ఇంకేం మాట్లాడలేదు. ఈక మూడుసార్లు మళ్ళీ చెక్కుకున్నాను. ఒకచోట వాడు ‘అమ్మాయి’ అని చదివి ఆగిపోయాడు. నేను తొందరపెట్టలేదు.

చివరి నంబరు రాసేసరికి రాత్రి తొమ్మిదిన్నర. పుటలన్నీ బల్ల మీద పరిచి ఫ్యాను ఆపి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే నిన్నటి పుటలు పూర్తిగా నల్లబడ్డాయి. రాత్రి రాసిన చివరి పుట ఇంకా బూడిద రంగులోనే ఉంది.